కుళ్ళు రోజున పులుసు

తిట్టకూడదు. ఈ ఒక్క రోజు ఎవర్నీ పల్లెత్తు మాట అనకూడదు. పాత సంవత్సరం వెళ్ళిపోయి కొత్తది ఇంకా కాలు పెట్టని ఈ మధ్య రోజుకి కుళ్ళు రోజని పేరు పెట్టిందే అందుకు, ఇవాళ నోరు జారితే ఏడాది పొడుగునా ఆ నోరు కుళ్ళుతుందట, కుళ్ళనీ, కాప్‌కేవ్ నోరు ఎప్పుడో కుళ్ళింది కదా, దానికింకా పురుగులు పట్టలేదేం అనుకుంది సేంగ్లా, అనుకున్న వెంటనే నాలిక కరుచుకుంది, పైకి అనలేదు కదా, లోపల అనుకున్నది లెక్కలోకి రాదేమో, వస్తుందేమో, గుడిలో భిక్షువుని అడగాల్సింది, అడిగితే ఎవర్ని తిట్టుకుంటున్నావమ్మా అని ఆయన తిరిగి అడిగేవాడు. చాంగ్ ఫువక్ ద్వారం దగ్గర కందకం దాటి గోడ నీడన నడుస్తోంది. పొద్దు ఇంకా ఎక్కనేలేదు, అప్పుడే ఏప్రిల్ ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. కడుపు ఖాళీ. నిన్న మధ్యాహ్నం నుంచి కావాలనే ఏమీ తినలేదు. ఇవాళ ఆకలి కావాలి, ఆవురావురుమనే ఆకలి, చూసినవాళ్ళు ఝడుసుకునే ఆకలి. కా దయ్యం పట్టిన మనిషి ఎలా తింటుందని ఈ ఊరంతా చెప్పుకుంటుందో సరిగ్గా అలా తినాలి, పెద్ద సంతలో, నలుగురి మధ్య, కాప్‌కేవ్ తిండిబల్ల ముందే కూర్చుని, కాప్‌కేవ్ వండిన పులుసు.

కా. ఒక్క అక్షరం. ముఖం మీద ఎవరూ అనరు, నోటికి చేయి అడ్డం పెట్టుకుని పక్కవాళ్ళ చెవిలో వేసే అక్షరం అది. తిండిపోతు దయ్యం, తల్లి నుంచి కూతురికి దిగుతుంది, నగలు దిగినట్టు. ఆ ఇంటివాళ్ళు ఆశగా చూస్తే పక్కింటి పిల్లకి జ్వరం, ఆ ఇంటివాళ్ళ చేతి ముద్ద తింటే తిన్నవాడి పేగుల్లో దయ్యం. అమ్మమ్మల కాలంలో అయితే అలాంటి ఇళ్ళని ఊరి బయటికి తరిమేవారట, ఇప్పుడు తరమరు, ఇప్పుడందరూ మర్యాదస్థులు, ఫోన్లు ఉన్నవాళ్ళు, ఇప్పుడు నీ బల్ల ముందు నుంచి నవ్వుతూ నడిచి వెళ్ళిపోతారు, అంతే. నిన్నటిదాకా నీ పులుసు కోసం నిలబడ్డవాళ్ళు, ఇవాళ కడుపు బాగాలేదక్కా అని పొట్ట నిమురుకుంటూ పోతారు. పొట్టలన్నీ ఒకేసారి చెడ్డాయి. మూడేళ్ళ కిందట కాప్‌కేవ్ మా ఇంటి మీద ఆ అక్షరం వేసిన ఎండాకాలం, సంతలో ఒక్కళ్ళ పొట్టా బాగాలేదు.

"అత్తా, వేడి వేడి పుల్లలు! జిగురన్నంతో పట్టుకెళ్ళు, నీ కోసం కొవ్వు ముక్కలు ఎక్కువున్నవి తీశా" అని పిలిచాడు కందకం ఒడ్డున పంది మాంసం కాలుస్తున్న మనిషి. కొత్తవాడు, తనెవరో తెలియదు, తెలిస్తే ఆ పుల్ల అలా ముక్కు దగ్గరికి చాపేవాడా. బొగ్గుల మీద కొవ్వు కారి చిటపటమంటోంది, కొత్తిమీర వేర్లు, వెల్లుల్లి, మిరియం, నోట్లో నీళ్ళు ఊరాయి, కాళ్ళు వాటంతట అవే ఆగాయి. వద్దు. ఇంకా కాదు. "తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటాలే నాయనా, నీ చెయ్యి చల్లగుండ" అంది, ఎంత తియ్యగా అందో తనకే నవ్వొచ్చింది, ఇవాళ ఊరంతా ఇలాగే మాట్లాడుతుంది, బండ్లవాళ్ళు కూడా తిట్టుకోరు, మొగుడూ పెళ్ళాలు కూడా పళ్ళు కొరుక్కుంటూ అమ్మా, అయ్యా అనుకుంటారు, ఎల్లుండికి దాచుకున్న తిట్లన్నీ అందరి బుగ్గల్లోనూ కిళ్ళీల్లాగా ఉంటాయి.

గోడ మూల తిరిగేసరికి వీపు మీద చల్లగా నీళ్ళు. ఎర్రగా కాలిపోయిన భుజాలతో ఓ పరదేశి, చేతిలో పిల్లలాడే ప్లాస్టిక్ తుపాకీ, నీళ్ళు చల్లుకునే పండగ కదా, పండగ పండగ అని గెంతుతున్నాడు. సేంగ్లా చేతులు జోడించి నవ్వింది. వీళ్ళ దుప్పట్లే కదా తను ఉతికేది, హోటల్ వెనక రేకుల షెడ్డులో, ఇరవై ఏళ్ళు పులుసు గరిటె పట్టుకున్న చేతులు ఇప్పుడు వీళ్ళ చెమట మరకలు వదలగొడుతున్నాయి, చేతులకి వెల్లుల్లి వాసన పోయి బ్లీచింగు వాసన పట్టింది, రాత్రి పూట ఆ చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎవరి చేతులో అనిపిస్తుంది. ఆ షెడ్డులో పని ఇప్పించినావిడ లంపూన్ నుంచి వచ్చింది, ఆవిడకి ఈ సంత గుసగుసలు తెలియవు, అందుకే ఇచ్చింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ కూరలు ఒకరికొకరు పంచుకుంటుంటే సేంగ్లా తన గిన్నె తీసుకుని ఆ చివర కూర్చుంటుంది, ఎవరూ కూర్చోమనలేదు, తనే కూర్చుంది, ఎవరైనా తెలుసుకుని లేచిపోయేలోపు తనే లేచిపోవడం మేలని. చూశావా కాప్‌కేవ్, నువ్వు చేసింది చూశావా. నా అంతట నేనే దూరంగా కూర్చునేలా చేశావు.

సోమ్‌ఫెట్ సంత ముందు బువాలోయ్ పెనం పెట్టుకుని కూర్చుని ఉంది. కొబ్బరిపాల పొంగణాలు, అంచులు ఎర్రగా కరకరలాడుతూ, నడుమ వెన్నలా వణుకుతూ. సేంగ్లాని చూడగానే పొంగణం తిప్పే చెంచా ఒక్క క్షణం ఆగింది, వెంటనే ముఖమంతా నవ్వు పులుముకుంది. "ఎన్నాళ్ళకెన్నాళ్ళకి సేంగ్లా! చిక్కిపోయావేం తల్లీ? రా, తిను, కొత్త సంవత్సరం నోరు తీపి చేసుకో" అంటూ అరిటాకు దొన్నెలో నాలుగు వేసి, చేయి బారుగా చాపి, బల్ల ఆ చివర పెట్టింది. చేతికివ్వలేదు. బల్ల చివర పెట్టింది, కుక్కకి పెట్టినట్టు. "కడుపు బాగాలేదు బువాలోయ్" అంది సేంగ్లా, తియ్యగా, పొట్ట నిమురుకుంటూ. బువాలోయ్ నవ్వు అలాగే ఉండిపోయింది ముఖం మీద, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఈమె కూడా వచ్చింది అమ్మ చావుకి. తెల్లబట్టలు కట్టుకుని, వేళ్ళ మధ్య అగరువత్తి పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మరీ ఏడ్చింది. తినలేదు. తినలేదు కదా నువ్వు కూడా.

ఎవ్వరూ తినలేదు. చాంగ్ మోయ్ వీధిలోకి తిరిగాక ఇక ఆ సంగతి తల్లోంచి పోదు, ఈ వీధి అంతా అమ్మే. పేము బుట్టల దుకాణాల ముందు అమ్మ ఆగేది, జిగురన్నం బుట్టని వేలితో కొట్టి చూసేది, అల్లిక మంచిదైతే ఒక రకంగా మోగుతుందని అనేది, కొనేది మాత్రం ఎప్పుడో గాని కాదు. ఫోంగ్ అమ్మ పేరు, సంతలో అందరికీ ఫోంగవ్వ. పొద్దున్నే ఈ వీధిలోనే ఎముకలు కొనేది, బూరుగు పూల కేసరాలు ఎండినవి సంచుల్లో చేయి పెట్టి వాసన చూసి కొనేది, అవి లేకపోతే ఈ పులుసుని నామ్ న్యావ్ అని ఎందుకనాలే, టమాటా చారనుకుని తాగండి అని దెప్పేది. ఎముకలు, పులియబెట్టిన సోయా బిళ్ళలు, ఎండుమిరపకాయలు, చిన్న టమాటాలు, గడ్డకట్టిన నెత్తురు ముక్కలు, అన్నీ కలిసి మసిలే ఆ ఎర్రటి పులుసు బియ్యప్పిండి నూడుల్స్ మీద పోస్తే సంత మెట్ల మీంచి దిగే మనిషి వాసనకే వచ్చి కూర్చునేవాడు. అమ్మ చచ్చిపోయినప్పుడు సేంగ్లా అదే వండింది. రెండు పెద్ద డేగిసాల నిండా వండింది, చావింటికి వచ్చినవాళ్ళు తినాలి కదా, తింటేనే కదా పోయినవాళ్ళకి పుణ్యం. వచ్చారు, నిజమే, చాలామందే వచ్చారు, ప్రార్థనలు విన్నారు, మూత సీలు తియ్యని నీళ్ళ సీసాలు ఏరుకుని తాగారు. గిన్నె ఎవరూ ముట్టుకోలేదు. కాప్‌కేవ్ అయితే గుమ్మం దాకా వచ్చి, అక్కణ్ణించే దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆఖర్న భిక్షువులకి పెట్టగా మిగిలినదంతా, అంటే దాదాపు మొత్తం, సేంగ్లా పింగ్ నదిలో పోసింది. ఎర్రగా కాసేపు తేలి వెళ్ళిపోయింది. అప్పుడు ఏడవలేదు, కడుపులో ఏదో గడ్డకట్టింది, ఇప్పటికీ ఉంది, నెత్తురు ముక్కలాగా.

వదిలెయ్యవే, అనేది అమ్మ మంచంలో ఉండి. అనుకునేవాళ్ళు అనుకుంటారు, వాళ్ళ పొట్టలు వాళ్ళవి, వదిలెయ్. అమ్మకి కోపం రాదు, అదొక రోగం అమ్మకి, అందరికీ గరిటెడు ఎక్కువ పోసే రోగం. ఎలా వదిలెయ్యనమ్మా, నీ పాడె మీద ఒక్క మెతుకు పుణ్యం రాల్చలేదు వీళ్ళు. పక్కనే ఇనప జల్లెడ మీద సాయ్ ఉవా చుట్టలు చుట్టలుగా కాలుతున్నాయి, నిమ్మగడ్డి, నిమ్మాకులు, పసుపు కూరిన పంది సాసేజీ, కోసినప్పుడు లోపల్నించి వచ్చే ఆ ఆవిరి, ఆ పక్కన పచ్చిమిరపకాయలు కాల్చి నూరిన పచ్చడి, పంది తోలు వేపుడు, కడుపు గుర్రుమని మూలిగింది, కళ్ళు కాస్త తిరిగాయి. మంచిది. తిరగనీ. ఆ తిరిగే కళ్ళతోనే వెళ్తాను, ఆకలిగొన్న కళ్ళతో. ఇన్నాళ్ళూ నేను ఎందుకు దాక్కున్నాను, ఎందుకు వాళ్ళకి అడ్డం లేకుండా తిరిగాను? కా దయ్యమైతే దాక్కోదు కదా, వచ్చి కూర్చుంటుంది, తింటుంది. సరే, వస్తున్నాను. ఇవాళ నువ్వు నన్ను పొమ్మనలేవు కాప్‌కేవ్. పొమ్మంటే కుళ్ళు రోజున నోరు పారేసుకున్నావని సంతంతా చూస్తుంది. కూర్చోమన్నావా, కా దయ్యానికి గిన్నె పెట్టిన బల్ల మీద పండగపూట ఎవడు కూర్చుంటాడో చూస్తాను. నువ్వు కల్పించిన దయ్యమే నీ బల్లని ఖాళీ చేయిస్తుంది. నేను ఒక్క చెడ్డ మాట అనను. పొగుడుతాను. తిని తిని పొగుడుతాను.

పెద్ద సంత ముందు అడుగు పెట్టడానికి చోటు లేదు. రేపు పెద్దలకి చేతుల మీద నీళ్ళు పోసి తప్పులు మన్నించమని అడిగే రోజు కదా, ఆ నీళ్ళలో వేయడానికి కాల్చిన శీకాయలు గుట్టలు గుట్టలు, బంతిపూలు, గుడిలో కట్టే ఇసక గోపురాల మీద గుచ్చే కాగితపు జెండాలు, కొబ్బరి లౌజు పెట్టి ఉడికించే కుడుములకి అరిటాకుల కట్టలు. శీకాయ వాసన ముక్కుకి తగలగానే చిన్నప్పుడు కాప్‌కేవ్‌తో కలిసి అమ్మ ముందు కూర్చున్నది గుర్తొచ్చింది, ఇద్దరూ ఒకే వెండి గిన్నె పట్టుకుని అమ్మ చేతుల మీద నీళ్ళు పోశారు, కాప్‌కేవ్ తల్లి చిన్నప్పుడే పోయింది, మా అమ్మ దానికీ అమ్మే, ఒకే గిన్నెలో తిన్నాం, ఒకే చాప మీద పడుకున్నాం, పెద్దయ్యాక పక్క పక్కనే బల్లలు వేసుకున్నాం, తను పనసకాయ కూర, మేము పులుసు. ఆ కాప్‌కేవే చెప్పింది, ఇంకెవరైనా చెబితే నమ్మేవారు కాదు, ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి చెప్పింది కాబట్టే నమ్మారు. ఎందుకో తెలియదా? మెట్ల కింద మూల మా బల్లది, దిగేవాళ్ళకి మొదట కనబడే బల్ల. మేము ఖాళీ చేసిన వారానికల్లా అది అక్కడికి జరిగింది, పనసకాయ మానేసి పులుసు పెట్టింది. ఇంకేం కారణం కావాలి? మనిషి ఎంత చవకో చూడు, నాలుగు అడుగుల చోటు కోసం. తప్పయిపోయిందని రేపైనా నీళ్ళు తెస్తుందా? మూడు పండగలు చూసింది సేంగ్లా, గుమ్మంలో చాప కూడా వేసుకుని చూసింది. రాలేదు.

మెట్లు దిగింది. వాసన ముందే ఎదురొచ్చింది. అమ్మ వాసనే, కాస్త తేడా, సోయా బిళ్ళ సరిగా కాల్చలేదు, తొందరపడింది. బల్ల చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు, ఊళ్ళ నుంచి పండగకి వచ్చినవాళ్ళు, సంతవాళ్ళు, ఆ చివర, తాంబూలంలా నమిలే మియాంగ్ ఆకులు అమ్మే పన్ అవ్వ బోసినోటితో నూడుల్స్ పీలుస్తోంది. గరిటె పట్టుకుని కాప్‌కేవ్. జుట్టు నెరిసింది, నడుం లావెక్కింది. సేంగ్లా సరిగ్గా నడుమ బెంచీ మీద, ఇద్దరి మధ్యన ఇరుక్కుని కూర్చుంది.

"అక్కా, ఓ గిన్నె పెట్టు. అంచు దాకా నింపి పెట్టాలి సుమా. ఆకలి దంచేస్తోంది."

గరిటె డేగిసాలోనే ఆగిపోయింది. చుట్టూ మాటలు తగ్గాయి, ఆవిరి మాత్రం లేస్తూనే ఉంది. కాప్‌కేవ్ పెదాలు కదిలాయి, ఏదో రాబోయింది, ఏం రాబోయిందో సేంగ్లాకి తెలుసు, అను, అను చూద్దాం, అను తల్లీ అని లోపల ఉసికొల్పింది. కాప్‌కేవ్ మింగేసింది. "కూర్చో... కూర్చున్నావుగా. ఎండనబడి వచ్చావు, మంచినీళ్ళు తాగు ముందు" అంది. గిన్నె నింపింది. తెచ్చి పెట్టేటప్పుడు ఆ గిన్నె అంచు మీద పులుసు తొణికింది, దొంగ దొరికితే తొణకదా మరి.

సేంగ్లా తిన్నది. నిన్నటి మధ్యాహ్నం నుంచి దాచుకున్న ఆకలంతా పెట్టి తిన్నది. చప్పుడు చేస్తూ జుర్రింది, నెత్తురు ముక్కలు ఏరి ఏరి నమిలింది, ఎముక చేత్తో పట్టుకుని చీకింది, పెదాలు నాకింది, "అబ్బ, ఎంత కమ్మగా ఉందక్కా, ప్రాణం లేచొచ్చింది, ఇలాంటి పులుసు ఈ ఊళ్ళో ఇంకెవరు చేస్తారు" అంది అందరికీ వినబడేలా. ఎడం పక్కనున్న ఆమె గిన్నె సగంలో వదిలేసి బస్సుకి టైమైందంటూ లేచింది. ఎదురుగా ఇద్దరు లేచారు. నిలబడి ఎదురుచూస్తున్నవాళ్ళు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు వేసుకుని, అదిగో ఆ అక్షరమే వేసుకుని, మెల్లిగా అటు కొబ్బరిపాల నూడుల్స్ అమ్మే ఖావ్ సోయ్ బల్ల వైపు జరిగారు. పొట్టలు బాగాలేవు కాబోలు. కడుపులోకి వేడి దిగుతుంటే ఎంత హాయిగా ఉందో, పులుసు వల్లా, కాప్‌కేవ్ ముఖం వల్లా, ఏది దేని వల్లో తెలియడం లేదు. "ఇంకో గిన్నె పెట్టక్కా" అంది. "నెత్తురు ముక్కలు ఇంకాస్త వెయ్యి. మొహమాటపడకు."

రెండో గిన్నె వచ్చేసరికి బల్ల మీద పన్ అవ్వ తప్ప ఎవరూ లేరు. డేగిసా నిండా పులుసు ఉంది, బుట్టల్లో నూడుల్స్ చుట్టలు చుట్టలుగా ఉన్నాయి, పండగ బేరం అంతా ఎదురుగా కుప్పపోసి ఉంది, తినేవాళ్ళు లేరు. ఎలా ఉంది కాప్‌కేవ్? కుండ నిండా ఉండి ముట్టేవాళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో తెలుస్తోందా? నదిలో పోసుకో వెళ్ళి. నది దగ్గరే. పన్ అవ్వ మూతి తుడుచుకుని ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఈ ముసలిది ఎవరికీ భయపడదు, చావు దగ్గరికొచ్చినవాళ్ళకి దయ్యాలంటే లెక్కుండదు.

"ఏమే కాప్‌కేవ్, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? చెల్లెలు ఇన్నాళ్ళకి నీ బల్ల వెతుక్కుంటూ వచ్చింది. పండగపూట దాని పక్కన కూర్చుని ఓ ముద్ద తినలేవా? తిన్నావనుకో, జనం చూస్తారు. తినలేదనుకో, అదీ చూస్తారు."

అంతే, అవ్వ అంత మాట అనేసరికి కాప్‌కేవ్‌కి వేరే దారి లేకపోయింది. ఖాళీ బల్ల వంక చూసింది, అటు ఖావ్ సోయ్ బల్ల దగ్గర నిలబడి మెడలు సాచి చూస్తున్నవాళ్ళ వంక చూసింది. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇది సేంగ్లా అనుకోలేదు, ఇంత దాకా అనుకోలేదు, కానీ చేతికందినదాన్ని ఎవరు వదులుకుంటారు? తను తింటున్న గిన్నెనే, తన ఎంగిలి గిన్నెనే, బల్ల మీదుగా ముందుకి తోసింది. "ఇంకో గిన్నె ఎందుకక్కా దండగ. చిన్నప్పుడు ఒకే గిన్నెలో తినేవాళ్ళం కాదూ? ఇందులోనే తిను. అప్పుడు నీకు నెత్తురు ముక్కలంటే ప్రాణం."

కాప్‌కేవ్ చెంచా తీసుకుంది. అప్పుడు చూసింది సేంగ్లా. అబద్ధమాడి దొరికిపోయినదాని ముఖం ఎలా ఉంటుందో ఈ మూడేళ్ళూ రోజూ ఊహించుకుంది, ఆ కళ్ళు దించుకోవడం, ఆ వెర్రి నవ్వు, అన్నీ తెలుసు. ఇది ఆ ముఖం కాదు. కాప్‌కేవ్ ఎడం చేయి జాకెట్టు లోపలికి పోయి మెడలో తాయెత్తుని పిడికిట్లో నొక్కిపట్టింది. కళ్ళు మూసుకుంది. పెదాలు ఏదో మంత్రం గొణుక్కున్నాయి. చెంచా నోట్లో పెట్టుకుంది, మందు మింగినట్టు కాదు, విషం మింగినట్టు, నుదుట చెమట పట్టింది, గొంతు కదిలింది, దిగింది. ఇది నమ్ముతోంది. ఓరి దేవుడా, ఇది నిజంగానే నమ్ముతోంది. చోటు కోసం కాదు, మూల కోసం కాదు, మొదట్నించీ నమ్మే చెప్పింది, ఇప్పుడు దయ్యాన్ని తన చేత్తో తనే నోట్లో పెట్టుకుంటున్నానని నమ్ముతూ, ఖాళీ బల్ల చూడలేక, తింటోంది. ఇంకో చెంచా. ఇంకోటి.

"చూశారటే!" అని అరిచింది పన్ అవ్వ, ఖావ్ సోయ్ బల్ల దగ్గరి జనానికి వినబడేలా. "అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఎంగిలి తింటున్నారు. ఇక ఆ ఫోంగవ్వ ఇంటి గురించి ఎవరైనా ఏమైనా అన్నారో, నేను ఇవాళే అంటాను, నా నోరు కుళ్ళినా సరే, పళ్ళెలాగూ లేవు!" ఎవరో నవ్వారు. ఇద్దరు ముగ్గురు తిరిగి ఇటు జరిగారు. బస్సు టైమైన ఆమె కూడా ఎక్కణ్ణించో ప్రత్యక్షమై తన సగం గిన్నె ముందు మళ్ళీ కూర్చుంది. ఎవరో సేంగ్లా భుజం మీద చేయి వేసి, ఎన్నాళ్ళయిందమ్మా నీ పులుసు తిని, మళ్ళీ పెడతావా బల్ల అని అడిగారు. చేయి వేశారు. భుజం మీద. ఎన్నాళ్ళకి ఒక చేయి. అయిపోయింది, ఇంత సులువుగా అయిపోయింది, అమ్మ పేరుకి పట్టిన మచ్చ కడుక్కుపోయింది, ఇంక లేచి వెళ్ళిపోవచ్చు.

కాప్‌కేవ్ ముందుకి వంగింది. పక్కవాళ్ళకి వినబడకుండా గుసగుసలాడింది, చేయి అడ్డం పెట్టుకుని, ఆ అక్షరం చెప్పే తీరులోనే. "నేను కల్పించలేదు సేంగ్లా. నీమీద ఒట్టు. అప్పుడు నా మనవరాలు ఖిమ్‌కి జ్వరమొచ్చింది చూడు, ఆరు రోజులు నోట్లో మెతుకు పెట్టలేదు, పిచ్చి చూపులు చూసేది. మంత్రాలాయన్ని పిలిచాను. పొగ వేసి, ఎవరివే నువ్వు, ఎవరింటి దానివే చెప్పు అని గద్దించాడు. అది కళ్ళు తెరిచి ఫోంగవ్వ అంది. ఫోంగవ్వా, ముక్క పెట్టు, నెత్తురు ముక్క పెట్టు అని ఏడ్చింది. నా చెవులతో విన్నాను. పచ్చి నెత్తురు అడిగింది. నేనేం చెయ్యను? నాకు తల్లిలాంటిదని నోరు మూసుకోనా? ఇంకో పిల్లకి తగిలితే?"

ఖిమ్. రెండు జడలు, బడి అయ్యాక సంచీ కూడా దించకుండా వచ్చి బెంచీ ఎక్కి కూర్చునేది. ఫోంగవ్వా, ముక్క పెట్టు. రోజూ అదే మాట. అమ్మ దాని కోసం పెద్ద నెత్తురు ముక్కలు వేరే గిన్నెలో దాచి ఉంచేది, పక్క బల్ల మీద కాప్‌కేవ్ కూరలు తరుగుతూ ఉండేది, వీపు ఇటు తిప్పి. ఆరు రోజులు తిండి లేని పిల్ల. గద్దించి అడిగితే తనకేం కావాలో చెప్పింది. అంతే కదా. అంతేనా? అంతే. పిల్లకి ఆకలేసింది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, పొగలో కళ్ళు మండుతున్న పసిదానికి అమ్మ పులుసు తినాలనిపించింది, అది విని వీళ్ళు అమ్మకి బతికుండగానే పాడె కట్టారు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆకలేసిందక్కా దానికి, అంతే, మా అమ్మ రోజూ పెట్టేది, నువ్వు చూసుకోలేదు. ఈ ఒక్క మాట. నాలిక మీదే ఉంది. ఈ మాట అంటే కాప్‌కేవ్ గుండెల మీంచి మూడేళ్ళ బండ దిగిపోతుంది, రాత్రికి హాయిగా నిద్రపోతుంది, రేపు శీకాయ నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది కూడా, ఏడుస్తుంది, కాళ్ళు పట్టుకుంటుంది. నిద్రపోతుంది. అమ్మ చావింటి గుమ్మంలోంచి వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన మనిషి హాయిగా నిద్రపోతుంది.

"చెప్పు సేంగ్లా" అంది కాప్‌కేవ్. ఖాళీ అయిన గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. "నీ ఎంగిలి తిన్నాను. రేపు ఖిమ్ పండగకి వస్తోంది, నా పక్కలోనే పడుకుంటుంది. నాకేం కాదు కదా? దానికేం కాదు కదా? నువ్వు చెబితే చాలు."

సేంగ్లా చేయి చాపి కాప్‌కేవ్ గడ్డం మీద అంటిన పులుసు మరకని బొటనవేలితో తుడిచింది, అమ్మ తుడిచినట్టే, మెత్తగా. చుట్టూ అందరూ చూస్తున్నారు, ముచ్చటపడుతున్నారు.

"చూద్దాం అక్కా" అంది.

కాప్‌కేవ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. సేంగ్లా లేచింది, అందరికీ చేతులు జోడించింది, అందరూ తిరిగి జోడించారు, మళ్ళీ రావాలమ్మా అన్నారు. మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, కడుపు నిండుగా ఉంది. ఎవరింట్లోనూ లేని కా దయ్యం ఇవాళ నిజంగానే ఒక ఇంటి మీద ఎక్కి కూర్చుంది, ఇంక రాత్రీ పగలూ ఆ పిల్ల పక్కనే ఉంటుంది, వదిలెయ్యవే, దిగవే తల్లీ అని బతిమాలి చెప్పడానికి అమ్మ లేదు.